గోల్ఫ్ ప్రాక్టీస్‌కు ఏ బంతి కొనాలి? నేలకూ నీళ్ళకూ చేటు చేయని ఎంపిక, మెట్టు మెట్టుగా

హన్మకొండ నుంచి, కరీంనగర్ నుంచి, మంచిర్యాల నుంచి ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది: "ఆన్‌లైన్‌లో 'ఎకో' అని రాసిన గోల్ఫ్ బంతులు కనిపిస్తున్నాయి, ప్రాక్టీస్‌కు అవే తెప్పించుకోవాలా?" అడిగేవాళ్ళలో చాలామంది హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు ఊరికి వచ్చేవాళ్ళు. గోల్కొండ దగ్గరి కోర్సులోనో గచ్చిబౌలి వైపో ఆట నేర్చుకున్నారు. ఇక్కడికొస్తే అందుబాటులో ఉండేవి మేడ, పెరడు, కోత అయిన పొలం.

నా జవాబు సూటిగా చెప్తాను. కొట్టిన బంతి తిరిగి మీ సంచిలోకి వచ్చేటట్టయితే మామూలు బంతితో పెద్ద నష్టం లేదు. రాకుండా పోయే చోట ఎంత మంచి లేబుల్ ఉన్నా అనుమానించాల్సిందే. అందుకే కింది క్రమంలో కొనడం అనే మాట మూడో మెట్టు దాకా రాదు.

బంతి లోపల ఏముందో తెలిస్తే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. మామూలు గోల్ఫ్ బంతి గుండె భాగం పాలీబ్యుటాడైన్ అనే కృత్రిమ రబ్బరు. అది గట్టిపడి బాగా ఎగరడానికి జింక్ కలిసిన రసాయనాలు వేస్తారు. పైతొడుగు అయానోమర్ ప్లాస్టిక్ గానీ యురేథేన్ గానీ. వీటిలో మన్నులో కలిసిపోయేది ఒక్కటీ లేదు. కాలిఫోర్నియాలో తీరం పక్కనున్న గోల్ఫ్ కోర్సుల దగ్గర సముద్రంలోంచి 50 వేలకు పైగా బంతులు ఏరినట్టు 2019లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. వాటిలో కొన్నింటి తొడుగు అలలకూ ఇసుకకూ బాగా అరిగిపోయి ఉంది. ఆ అరిగిన ప్లాస్టిక్ అంతా నీళ్ళలోకే పోయింది.

1. బంతి పడే చోటు ముందు తేల్చుకోండి

బంతి లేచే చోటు అందరూ చూసుకుంటారు. పడే చోటు ఎవరూ చూడరు.

ఒక లెక్క చేద్దాం. ఎకరం చదరంగా ఉందనుకుంటే ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు వస్తుంది. తక్కువ దూరానికి వాడే పిచింగ్ వెడ్జ్ అనే క్లబ్‌తో (గోల్ఫ్ కర్రతో) ఓ మోస్తరు ఆటగాడు కొట్టినా బంతి వంద మీటర్ల చుట్టుపక్కల పడుతుంది. అంటే మీ ఎకరం గట్టు మీద నిలబడి కొట్టిన పూర్తి షాట్ పక్కవాళ్ళ చేనులో పడుతుంది. అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్ డ్రైవర్, దాని సంగతి చెప్పనే అక్కర్లేదు. మూడు ఎకరాలు వరసగా ఉన్నా సరిపోదు.

మన వైపు దొరికే చోట్లను ఇలా చూడండి:

- కోత అయిన వరి పొలం. వానాకాలం పంట కోశాక నవంబరు, డిసెంబరులో ప్రాక్టీస్‌కు ఇదే బాగుంటుంది. కానీ గడ్డి కట్టలు కట్టే మిషన్ వచ్చి వెళ్ళిన తర్వాతే దిగండి. గడ్డిలో చిక్కిన బంతి కట్టతో పాటు కొట్టంలోకి పోతుంది. అక్కడ దాన్ని నమిలేది బర్రె.
- చెల్క నేల. ఎర్రగా, గట్టిగా, గడ్డి పలచగా ఉంటుంది కాబట్టి బంతి కనిపిస్తుంది. వేసవి ప్రాక్టీస్‌కు నేను ఓటేసేది దీనికే.
- నల్లరేగడి. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. నేల నెర్రెలు బారితే బంతి అందులోకి జారిపోతుంది. వేలు పెడితే అందదు, పుల్ల పెడితే ఇంకా లోపలికి పోతుంది. జూన్‌లో వానకు నెర్రె మూసుకుంటే అది అక్కడే ఉండిపోతుంది.
- పత్తి చేను. పంట ఉన్నంతకాలం అటువైపు కొట్టొద్దు. పత్తి పగిలిన రోజుల్లో ఫోమ్ బంతి చేను దరిదాపుల్లోకి కూడా రాకూడదు. చిరిగిన ఫోమ్ ముక్క దూదిలో కలిస్తే ఏరేవాళ్ళ కంటికి ఆనదు, జిన్నింగ్ మిల్లు దాకా పోతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి నాణ్యత పేరుతో రైతుకు ధరలో కోత పడే సంగతి మనకు తెలియనిది కాదు. మన సరదా అందులో ఇంకో కారణం కాకూడదు.
- చెరువు గట్టు. చెరువు వైపు కొట్టొద్దు. వడ్డేపల్లి, ధర్మసాగర్ తాగునీటి చెరువులు. ఊరి చెరువైతే చేపలు పట్టేవాళ్ళ వలలు ఉంటాయి. "కరిగిపోయే బంతి" అన్నా సరే, చెరువు మన చెత్తబుట్ట కాదు.
- మేడ, పెరడు. నెట్ ఉంటేనే గట్టి బంతి. లేకపోతే ఫోమ్ గానీ రంధ్రాల ప్లాస్టిక్ బంతి గానీ. పక్కింటి కిటికీ అద్దం కూడా పర్యావరణమే.

2. ఏ షాట్ కోసం?

ఒక చీటీ మీద రాసుకోండి: పటింగ్ (బంతిని నేల మీద దొర్లించడం), చిప్పింగ్ (దగ్గరి నుంచి చిన్నగా లేపడం), సగం స్వింగ్, పూర్తి స్వింగ్ (క్లబ్‌ను పూర్తిగా ఊపి కొట్టడం). ఈ నాలుగింటిలో వారానికి ఎక్కువసార్లు చేసేది ఏదో దానికే బంతి ఎంచుకోవాలి.

పటింగ్, చిప్పింగ్‌కు బంతి మీ చుట్టూ పది, ఇరవై మీటర్లలోనే ఉంటుంది. పోయే ప్రశ్నే లేదు. పాత మామూలు బంతులు చాలు, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. పూర్తి స్వింగ్ దగ్గరే ఆలోచించాలి.

3. బంతి రకాలు: ఏది ఎక్కడ పనికొస్తుంది

వాడిన బంతులు. కోర్సుల్లో నీటిగుంటల నుంచి, పొదల నుంచి తీసి కడిగి గ్రేడ్ చేసి అమ్ముతారు. నా మొదటి సిఫారసు ఇదే. కొత్తగా తయారు చేయాల్సిన పని తప్పుతుంది, స్పర్శ అసలు బంతిదే, ధర తక్కువ. నెట్ ఉన్న మేడ మీద, వెతికితే దొరికే చెల్కలో వీటిని మించినవి లేవు.

ఫోమ్ బంతులు. పూర్తి స్వింగ్‌తో కొట్టినా ముప్పై, నలభై మీటర్లకు మించి పోవు. అద్దాలు పగలవు, పిల్లలకు దెబ్బ తగలదు. కానీ ఇవీ ప్లాస్టిక్కే. ఐరన్ (లోహపు తల ఉన్న క్లబ్) అంచు తగిలి చీలిక వచ్చిన రోజే పక్కన పెట్టాలి. లేకపోతే ప్రతి దెబ్బకూ పొడి రాలుతుంది.

రంధ్రాల ప్లాస్టిక్ బంతులు. ఇంకా తక్కువ దూరం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు, పిల్లలకు బాగుంటాయి. ఎండలో వదిలేస్తే పెళుసై పగులుతాయి. ముక్కలు ఏరడం బంతిని వెతకడం కన్నా కష్టం.

తేలే బంతులు. ఆట నియమం ప్రకారం బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. లెక్కవేస్తే ఆ పరిమాణం, బరువు ఉన్న బంతి నీటికన్నా సుమారు 13 శాతం బరువు, అందుకే మునుగుతుంది. తేలే బంతి అంతకన్నా తేలిక, కాబట్టి దూరం తగ్గుతుంది. సొంత పొలంలో నీటికుంట ఉండి, ప్రతి బంతినీ వలతో తీయగలిగితేనే వీటి గురించి ఆలోచించండి.

కరిగే, కుళ్ళే బంతులు. అందరూ అడిగేది వీటి గురించే కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

వీటిలో బాగా వినిపించే పేరు ఎకోబయోబాల్, స్పెయిన్‌కు చెందిన ఆల్బస్ గోల్ఫ్ వాళ్ళది. నీళ్ళలో 48 గంటల్లో కరుగుతుందని, లోపల చేపల మేత ఉంటుందని తయారీదారు చెప్తాడు. ఓడల మీద నుంచి, సముద్ర తీరపు హోటళ్ళ నుంచి నీళ్ళలోకి కొట్టేవాళ్ళ కోసం చేసిన సరుకు అది. అక్కడ బంతి తిరిగి రాదు కాబట్టి దానికో అర్థం ఉంది.

హన్మకొండ మేడ మీద దాని అవసరం ఏమిటి? ఒక్క దెబ్బ కోసం చేసిన బంతిని సముద్రాలు దాటించి తెప్పించుకోవడం కన్నా, పాత బంతిని వందసార్లు కొట్టడం మేలు. ఖర్చు కూడా ఇలా చూసుకోండి: పాత బంతి 40 రూపాయలనుకుందాం, 200 సార్లు కొట్టారు, దెబ్బకు 20 పైసలు. కరిగే బంతి 150 రూపాయలనుకుందాం, ఒక్క దెబ్బ. దెబ్బకు 150 రూపాయలు. మీకు దొరికిన అసలు ధరలు వేసి ఇదే లెక్క చేయండి.

మరో చిక్కు మన వానాకాలం. నీటిలో కరిగే పదార్థం గాలిలో చెమ్మనూ పీల్చుకుంటుంది. జూలైలో వారం రోజులు ముసురు పడితే, తెరిచిన ప్యాకెట్‌లో బంతులు జిగటగా ఒకదానికొకటి అంటుకునే అవకాశం ఉంది. కొనే పనైతే ఆ సీజన్‌కు సరిపడా మాత్రమే కొనండి.

4. వాడిన బంతులు కొనేటప్పుడు చేయాల్సిన పరీక్షలు

ఈ మెట్టు దగ్గర తొందర పడొద్దు. సంచిలో యాభై బంతులు పోసి ఇస్తే అందులో పది పనికిరానివి ఉంటాయన్న అంచనాతోనే చూడాలి.

ముందు ఏం కొంటున్నారో అడగండి. "రీసైకిల్డ్" అంటే సాధారణంగా కడిగి, వేరు చేసి అమ్మేది. "రీఫినిష్డ్" అంటే పాత తొడుగు గీకి మళ్ళీ రంగు పూసింది. రంగు కింద గాటు దాక్కుంటుంది, కొట్టేకొద్దీ ఆ రంగే పొలంలో రాలుతుంది. ప్రాక్టీస్‌కు గీతలున్న, లోగో ఉన్న బీ గ్రేడ్ అయినా ఫర్వాలేదు, రీఫినిష్డ్ మాత్రం వద్దు.

రేంజ్ (డబ్బు కట్టి ప్రాక్టీస్ చేసే మైదానం) గీతలు, "ప్రాక్టీస్" అన్న ముద్ర ఉన్న బంతి అమ్మకానికి వస్తే దాదాపుగా అది ఎవరిదో రేంజ్ నుంచి బయటికి వచ్చిందే. కొనకండి.

తర్వాత ఒక్కో బంతినీ ఇలా చూడండి:

- గోరు పరీక్ష. బొటనవేలి గోరు బంతి చుట్టూ నెమ్మదిగా తిప్పండి. గీత అయితే గోరు జారిపోతుంది. గాటు అయితే అంచు గోటికి తగులుతుంది. గాటున్నది తీసేయండి. తొడుగు తెగిన చోటు నుంచే లోపలి రబ్బరు బయటపడుతుంది.
- గచ్చు పరీక్ష. భుజం ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీద వదలండి. పక్కన ఒక మంచి బంతిని కూడా వదలండి. లేచే ఎత్తులో తేడా కంటికి తెలుస్తుంది. చప్పుడు కూడా వినండి. మంచి బంతి టక్కున మోగుతుంది, లోపల పగిలింది మొద్దుగా పలుకుతుంది. చాలాకాలం నీళ్ళలో నానిన బంతి కూడా మందంగా లేస్తుంది.
- కాటా. వంటింటి డిజిటల్ కాటా చాలు. 45, 46 గ్రాముల దగ్గర ఉండాలి. బాగా తగ్గితే అది వేరే రకం బంతి.
- ఉప్పునీటి పరీక్ష. పటింగ్ కోసం తీసుకునేవాటికే. మూడు లీటర్ల గోరువెచ్చని నీళ్ళలో ముప్పావు కిలో ఉప్పు కరిగిస్తే బంతి తేలుతుంది. తేలిన బంతి మీద చుక్క పెట్టి, వేలితో తిప్పి వదలండి. ప్రతిసారీ అదే చుక్క పైకి వస్తుంటే బంతి బరువు ఒక వైపుకు ఉన్నట్టు. అది నెట్‌లోకి కొట్టడానికి పెట్టుకోండి. ఆ ఉప్పునీళ్ళు మాత్రం మొక్కల్లో పోయకండి.

5. లేబుల్ చదవడం

"ఎకో-ఫ్రెండ్లీ", "గ్రీన్", "నేచర్ సేఫ్" లాంటి మాటలు ఏమీ చెప్పవు. ఆకుపచ్చ డబ్బా, మీద ఆకు బొమ్మ, అంతే. వాటిని పక్కన పెట్టి అమ్మేవాడికి నాలుగు ప్రశ్నలు మెసేజ్ పెట్టండి:

- తొడుగు దేనితో చేశారు? లోపలి భాగం దేనితో?
- ఎన్ని రోజుల్లో విడిపోతుంది? ఎక్కడ: నీళ్ళలోనా, మన్నులోనా, కంపోస్ట్ ప్లాంట్‌లోనా?
- విడిపోయాక ఏం మిగులుతుంది?
- ఆ మాటకు సర్టిఫికెట్ ఉందా?

రెండో ప్రశ్న దగ్గరే సగం లేబుళ్ళు తేలిపోతాయి. "కంపోస్టబుల్" అన్న ప్లాస్టిక్ చాలావరకు పెద్ద కంపోస్ట్ ప్లాంట్‌లో, 58 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో, తేమలో, నెలల తరబడి ఉంటే విడిపోయేది. చెరువు అడుగు బురదలో ఆ వేడి ఉండదు. మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్ఏ ప్లాస్టిక్ కూడా అంతే. మొక్క నుంచి వచ్చింది కదా అని ఊరి చెరువులో కరిగిపోదు.

"కరుగుతుంది" అన్న మాటకూ "కుళ్ళి మట్టిలో కలుస్తుంది" అన్న మాటకూ తేడా ఉంది. పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) అనే పదార్థం నీళ్ళలో కరిగి కంటికి కనిపించకుండా పోతుంది. కానీ దాన్ని సూక్ష్మజీవులు పూర్తిగా తినేయాలంటే తగిన పరిస్థితులు కావాలి. అందుకే చెరువు వైపు కరిగే బంతి అయినా వద్దన్నాను.

మన దేశంలో కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం ఉంది, అమ్మే ముందు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ తీసుకోవాలి. 2024లో ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం, బయోడిగ్రేడబుల్ ప్లాస్టిక్ అంటే మైక్రోప్లాస్టిక్ మిగల్చకుండా విడిపోయేదై ఉండాలి. అదే ఏడాది అక్టోబరులో వినియోగదారుల రక్షణ అథారిటీ గ్రీన్‌వాషింగ్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. పర్యావరణం పేరుతో ఏ మాట చెప్పినా దానికి ఆధారం చూపాలని అందులో ఉంది. జవాబివ్వకుండా నానబెట్టే అమ్మకందారు మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు.

ఇంట్లో చేసే చిన్న పరీక్ష కూడా ఉంది. కరిగే బంతి అని కొన్నదాంట్లో ఒకటి బకెట్ నీళ్ళలో వేసి, చెప్పిన గడువు దాకా వదిలేయండి. తర్వాత ఆ నీళ్ళను పాత తెల్ల పంచె గుడ్డలో వడకట్టండి. గుడ్డ మీద పొరలు, పలుకులు, సాగే ముక్కలు మిగిలాయా చూడండి. గుడ్డ మీద కనిపించిందే పొలంలోనూ మిగులుతుంది. పెద్ద ఆర్డర్ పెట్టే ముందు ఈ పని చేయండి, తర్వాత కాదు.

6. రంగు

దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, బంతులు పోవడానికి సగం కారణం ఇదే. తెల్ల బంతి పచ్చగడ్డి కోసం. మన దగ్గర నేల ఏడాదికి నాలుగు రంగులు మారుతుంది.

- ఎండిన వరి కొయ్యకాళ్ళలో పసుపు బంతి కలిసిపోతుంది. ముదురు గులాబీ రంగు తీసుకోండి.
- ఎర్ర చెల్కలో నారింజ రంగు కనిపించదు. తెలుపు గానీ నిమ్మపసుపు గానీ మేలు.
- పచ్చగడ్డిలో తెలుపు, గులాబీ రెండూ కనిపిస్తాయి. ఆకుపచ్చ ఛాయ ఉన్న పసుపు వద్దు.

తెల్ల బంతులకు ఇంట్లో స్ప్రే పెయింట్ కొట్టే ఆలోచన వద్దు. పది దెబ్బలకు ఊడి పొలంలోనే రాలుతుంది.

7. ఎన్ని బంతులు? గుడ్ల ట్రే ఉపాయం

వంద బంతులు కొంటే ఐదు పోయినా తెలియదు. ముప్పై కొంటే ఒకటి పోయినా తెలుస్తుంది.

ముప్పై ఎందుకంటే, కిరాణా కొట్టులో దొరికే అట్ట గుడ్ల ట్రేలో ముప్పై గుంటలు ఉంటాయి. గోల్ఫ్ బంతి అందులో గుడ్డు లాగే కూర్చుంటుంది. ప్రాక్టీస్ అయ్యాక ట్రే నింపండి. ఖాళీ గుంట కనిపిస్తే ఇంటికి పోవద్దు, వెతకండి. ఏ సంచీ, ఏ డబ్బా ఇంత సూటిగా లెక్క చెప్పదు. పైగా పాడైతే ట్రే మట్టిలో కలుస్తుంది.

పర్మనెంట్ మార్కర్‌తో ఒకటి నుంచి ముప్పై దాకా అంకెలు వేయండి. పక్క పొలం వాళ్ళకు దొరికినా ఎవరిదో తెలుస్తుంది. ఊళ్ళో ఇంకొకరు ఆడుతుంటే అంకె పక్కన ఇంటిపేరు మొదటి అక్షరం కూడా రాయండి.

8. నెట్ కడితే సగం సమస్య తీరినట్టే

పూర్తి స్వింగ్ ప్రాక్టీస్‌కు నెట్ పెట్టుబడే అసలైన పర్యావరణ పెట్టుబడి అని నా అభిప్రాయం. బంతి పోదు, కొత్తది కొనే పని ఉండదు.

- కన్ను పరిమాణం అంగుళానికి, అంటే 25 మిల్లీమీటర్లకు మించకూడదు. క్రికెట్ నెట్ కొలవకుండా కొనకండి. కొన్నింటి కన్ను పెద్దది, గోల్ఫ్ బంతి దూరిపోతుంది.
- నెట్‌ను బిగించి కట్టొద్దు. బిగిస్తే బంతి మీ మీదికే వస్తుంది. వదులుగా వేలాడాలి.
- వెనక ఒక అడుగు ఎడంతో పాత జంపఖానా వేలాడదీయండి. వరంగల్ కొత్తవాడలో నేసిన మందపాటి నూలు జంపఖానా ఇంట్లో ఏ మూలనో ఉంటుంది. బంతి దానికి తగిలి ఊపు చచ్చి కింద పడుతుంది. బొంత అయినా సరే.
- నెట్‌కూ మీకూ మధ్య కనీసం మూడు మీటర్లు ఉంచండి.
- పని అయ్యాక విప్పి లోపల పెట్టండి. మన ఎండకు నైలాన్ తొందరగా పెళుసవుతుంది, దారాలు రాలి అవే చెత్త అవుతాయి.

నెలకోసారి తాళ్ళూ ముడులూ చూడండి. కోతులు తిరిగే వీధి అయితే రోజూ చూడండి. అవి నెట్‌ను ఊయల అనుకుంటాయి, రంగు బంతిని పండు అనుకుంటాయి.

9. పొలంలో ప్రాక్టీస్ ఇలా సాగించండి

1. పొలం మీది కాకపోతే ముందు అడగండి. మీదే అయినా పక్క రైతుకు ఒక మాట చెప్పండి.
2. మనుషులు, గొర్లు, బర్లు లేవని చూసుకోండి. కోత అయిన పొలంలోకి మందలు ఎప్పుడైనా దిగుతాయి.
3. పొలం పొడవు అడుగులతో కొలిచి, అందులో మూడింట రెండు వంతుల దూరమే పోయే క్లబ్ తీసుకోండి. ఎకరంలో వెడ్జ్‌తో సగం స్వింగ్ చాలు.
4. గాలి ఎటు వీస్తుందో చూసి, వీలైతే గాలికి ఎదురుగా కొట్టండి. బంతి పొలం దాటదు.
5. బంతి పడాల్సిన చోట పాత చీర పరవండి. గురి కుదురుతుంది, చుట్టూ పడినవి తొందరగా కనిపిస్తాయి.
6. పది కొట్టండి, ఏరండి. మళ్ళీ పది. ముప్పై కొట్టి ఒకేసారి ఏరదామంటే మొదటి బంతులు ఎటు పోయాయో గుర్తుండదు.
7. పక్కకు పోయిన బంతిని చూసీ చూడగానే దాని వెనక ఒక గుర్తు పెట్టుకోండి. తాటిచెట్టు, కరెంటు స్తంభం, బావి మోటరు గది, ఏదైనా సరే. చూపు తిప్పకుండా ఆ గుర్తు వైపు నడవండి.
8. వెతికేటప్పుడు నాటు వరసల వెంట నడవండి, అడ్డంగా కాదు. కొయ్యకాళ్ళ మధ్య సందులో బంతి వరస పొడవునా చూస్తేనే కనిపిస్తుంది.

బంతిని పైన నిలబెట్టే చిన్న మేకుల్లాంటి టీలు కూడా చెత్తే. ప్లాస్టిక్ టీ విరిగిన ముక్క పొలంలో ఉండిపోతుంది. కట్టె టీ గానీ వెదురు టీ గానీ వాడండి. ఏదీ లేకపోతే చిటికెడు మట్టి కుప్ప చేసి దాని మీద బంతి పెట్టినా సరిపోతుంది.

10. మామూలుగా జరిగే తప్పులు, వాటి సవరణ

"బయోడిగ్రేడబుల్ కదా" అని ఏరకుండా వదిలేయడం. వదిలేసింది గొర్రె నోట్లో పడితే దానికి ఆ లేబుల్‌తో పని లేదు. ఏ బంతినైనా ఏరాల్సిందే. ఏరడం వీలు కాని చోట కొట్టకుండా ఉండటమే సవరణ.

చవకగా వచ్చాయని రెండు వందల బంతులు కొనడం. ముప్పై ట్రేలో పెట్టండి, మిగిలినవి ఇంకో ఆటగాడికి ఇవ్వండి. మూల పడేసినవి చివరికి చెత్తలోకే పోతాయి.

దూరం తగ్గిందని స్వింగ్ మార్చుకోవడం. ఫోమ్, తేలే, కరిగే బంతులన్నీ తక్కువే పోతాయి. వాటితో దూరం కొలవకండి, గురి, దెబ్బ తగిలిన తీరు చూసుకోండి. దూరం కోర్సులో అసలు బంతితో చూసుకోవచ్చు.

బావి దగ్గర ప్రాక్టీస్. వ్యవసాయ బావిలో పడిన బంతి మోటరు ఫుట్‌వాల్వ్ దగ్గరికి చేరితే గొడవ మీకూ రైతుకూ అవుతుంది. బావికి వీపు పెట్టి కొట్టండి.

మురికి బంతులను యాసిడ్‌తో, బ్లీచింగ్‌తో కడగడం. గోరువెచ్చని నీళ్ళు, కొంచెం గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్ చాలు. గుంటల్లో మట్టి పోతే చాలు, తళతళలాడక్కర్లేదు.

11. దాచిపెట్టడం

మే నెలలో కారు డిక్కీలో వదిలేయకండి. వేడికి రబ్బరు, తొడుగు రెండూ దెబ్బతింటాయి. నీడలో, గాలి తగిలే అలమారలో ట్రే పెట్టండి. కరిగే రకం అయితే మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో, కాసిని బియ్యం మూట పక్కన. తడి చేత్తో తీయకండి.

12. పనికిరాని బంతులను ఏం చేయాలి

గాటు పడ్డ బంతిని ముందు ఆరుబయట ప్రాక్టీస్ నుంచి తప్పించండి. మేడ మీద నెట్‌లోకి మాత్రం ఇంకొంతకాలం వాడొచ్చు. అదీ తొడుగు ఊడనంతవరకే.

పూర్తిగా పోయినదాన్ని పత్తికట్టె మంటలో వేయొద్దు. రబ్బరు, ప్లాస్టిక్ కాలిన పొగ మీ ఊపిరితిత్తులకే వస్తుంది. లోపల ఏముందో చూద్దామని కోయనూ వద్దు. పాత రకం బంతులు కొన్నింటిలో ఒత్తిడితో ఉన్న ద్రవం ఉంటుంది, చిమ్మితే కళ్ళకు ప్రమాదం. పొడి చెత్త బుట్టలో, మిగతా ప్లాస్టిక్‌తో పాటు వేయండి. తడి చెత్తలో వేస్తే అది కంపోస్ట్‌లోకి, అక్కడ నుంచి మళ్ళీ ఎవరి పొలంలోకో చేరుతుంది.

కొనే ముందు ఒకసారి సరిచూసుకోవడానికి:

- బంతి పడే చోటు చూశాను. చెరువు, పత్తి చేను, బావి ఆ వైపు లేవు.
- ఎక్కువగా చేసే షాట్ ఏదో రాసుకున్నాను.
- ఇంట్లో, స్నేహితుల దగ్గర పాత బంతులు ఉన్నాయేమో అడిగాను.
- వాడినవి కొంటే గోరు, గచ్చు, కాటా పరీక్షలు చేశాను.
- "ఎకో" బంతి అయితే నాలుగు ప్రశ్నలకూ రాతపూర్వకంగా జవాబు వచ్చింది, బకెట్ పరీక్ష అయింది.
- ఈ సీజన్‌లో నేల రంగుకు తగిన రంగు ఎంచుకున్నాను.
- ముప్పైకి మించి కొనడం లేదు, ట్రే సిద్ధంగా ఉంది.